చెవినిల్లు కట్టిన పిడుదు

మూడో గుంట కూడా ఖాళీదేనని తేలిపోయింది.

ఛాతీలోతు తవ్వాక పైపు బయటపడింది. ఎవరో పొద్దున్నే గుడ్డపెట్టి తుడిచినట్టు పొడిగా, నిక్షేపంగా ఉంది. గుంటలో నిలబడ్డ బాబాయి పలుగు పక్కన పెట్టి, పైపును ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమి, అరచేతిని పైకెత్తి చూపించాడు. చేతికి పొడిమట్టి తప్ప ఏమీ అంటలేదు. తిట్టినా బాగుండేది. ఏమీ అనకపోయేసరికి చెవులక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చెవులక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, నీళ్ళ ఆఫీసు పెట్టిన పేరు. భూమిలో పాతిన పైపు ఎక్కడ పగిలి కారుతోందో పైనుంచి విని చెప్పడం ఆమె ఉద్యోగం. అందుకామెకున్న పనిముట్టల్లా ఒక నిలువెత్తు ఇనుప కడ్డీ, దాని పైకొసకు అరచేయంత కొయ్య బిళ్ళ. కడ్డీ మొనను రోడ్డు మీద ఆనించి, బిళ్ళకు కుడి చెవి పెట్టి వింటుంది. కారే నీళ్ళు లోపల ఒక చప్పుడు చేస్తాయి. అది అన్నిటికంటే గట్టిగా వినిపించిన చోట సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడుతుంది. గుర్తు పెట్టిన చోట బాబాయి తవ్వుతాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. తవ్వేముందు "నిజమేనా" అని ఆయన అడిగింది లేదు, నీళ్ళు చిమ్మాక "చూశావా" అని ఆమె అన్నది లేదు.

బాబాయి అంటే సొంత బాబాయేం కాదు. ఈ కడ్డీ ఆమె తండ్రి చేతిలో ఉన్న రోజుల్లో ఆయన పక్కన పలుగు పట్టినవాడు. తండ్రి పోయాక కడ్డీ కూతురికి వచ్చింది, పలుగు మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. నడుము ఇప్పటికే రిటైరయిపోయింది.

పోస్టాఫీసు వెనక వీధి అది. మూడు గుంటలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మొదటిది ఎనిమిది రోజుల నాటిది, రెండోది అయిదు రోజుల నాటిది, ఇదిగో ఇది ఇవాళ్టిది. వీధి చివరి ఇళ్ళలో కుళాయిలు తిప్పితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. బిందెలు, బకెట్లు పట్టుకుని ఆ ఇళ్ళవాళ్ళు పొద్దున్నే గుంటల ముందు హాజరవుతున్నారు. వాళ్ళలో ఒకావిడ కొంగు నడుముకు దోపుకుని, గుంటలోకి తొంగి చూసి, "ఏమ్మా, నీళ్ళ కోసమేనా తవ్వుతున్నది, నిధి కోసమా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. చెవులక్క పళ్ళు నూరుకుంది.

ఇంతలో ఇంజనీరు వచ్చాడు. స్కూటరు దిగకుండానే గుంటలోకి చూశాడు. కుర్రవాడే, మర్యాదస్థుడే, కానీ వారం నుంచి పైవాళ్ళ చేత చీవాట్లు తిని తిని మొహం వాడిపోయి ఉన్నాడు.

"మూడోది కూడానా అమ్మా?"

"చెవిలో ఏదో ఉంది సార్. చప్పుడు చేస్తోంది. అసలు చప్పుడు వినబడనివ్వడం లేదు."

"డాక్టరు ఏమీ లేదన్నాడు కదా?"

"ఆయన చెవిలో లేదు సార్. నా చెవిలో ఉంది."

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడండమ్మా, కొత్త మిషను పెట్టె విప్పించాను. శనివారం పొద్దున దాంతో వినిపిస్తాను. ఈలోగా మీరు కనిపెడితే సంతోషం. లేదంటే సోమవారం నుంచి స్టోర్లో కుర్చీ వేయిస్తాను. నీడపట్టు ఉద్యోగం. మీకూ విశ్రాంతిగా ఉంటుంది."

అతను ఆ మాట ఎంతో మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనమే ఆమె గుండెలో దిగబడింది. స్టోర్లో కుర్చీ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. పాత మీటర్ల పక్కన తనూ ఒక పాత మీటరై కూర్చోవడం. కడ్డీని గోడకు మేకు కొట్టి తగిలిస్తారు. తండ్రి పట్టిన కడ్డీ, ఇరవై ఆరేళ్ళుగా ఒక్క ఖాళీ గుంట ఎరగని కడ్డీ, ఎనిమిది రోజుల్లో మూడు గుంటలతో పరువు పోగొట్టుకుని గోడెక్కుతుంది. ఇవాళ గురువారం. మధ్యలో ఉన్నది ఒక్క శుక్రవారం.

ఈ గొడవంతా పశువుల శాల వెనక మొదలైంది. పది రోజుల కింద అక్కడి వాల్వు ఒకటి చూడమన్నారు. మోకాలెత్తు గడ్డి. గోడకూ వాల్వుకూ మధ్య కడ్డీ నిలబెట్టే జాగా లేదు. సరేనని ఆమె గడ్డిలోనే పక్కకు ఒరిగి, వాల్వు మూతకు నేరుగా చెవి ఆనించి పావుగంట పడుకుంది. వాల్వు బాగానే ఉంది. చీరకు అంటిన గడ్డిపరకలు దులుపుకుని ఇంటికి వచ్చేసింది. చెవిలోకి ఎక్కిన దాన్ని దులుపుకోలేదు. అదొకటి ఎక్కిందని ఆమెకేం తెలుసు?

మర్నాడు చెవిలో కాస్త దురద. ఆ మర్నాడు పోస్టాఫీసు వెనక వీధిలో కడ్డీ ఆనించి వింటే లోపల చిటపట, చిటపట. మామూలు లీకు అలా ఉండదు, సన్నగా, తెంపు లేకుండా స్స్ అంటుంది. కానీ పైపు కింద కంకర ఉంటే, చిమ్మే నీరు రాళ్ళను ఎగదోసి పైపుకేసి కొడుతుంది. అప్పుడు ఇలాగే చిటపటలాడుతుంది. అది పెద్ద లీకు లక్షణం. ఇంత గట్టిగా వినబడుతోందంటే సరిగ్గా కాళ్ళ కిందే ఉన్నట్టు లెక్క. ఆమె ధీమాగా ఇంటూ పెట్టింది. బాబాయి తవ్వాడు. పైపు కింద కంకర లేదు, నీళ్ళు లేవు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుంటే, కడ్డీ లేకుండానే చిటపట వినిపించింది. ఆ చప్పుడు పైపుది కాదు, తన చెవిలోదేనని అప్పుడు ఆమెకు తెలిసింది.

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని, వెంట్రుకంత స్ప్రింగుల్లో తప్పులు పట్టే మనిషి. భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టి, చెవి వెనక్కి లాగి, భూతద్దంతో అరగంట పరిశోధించాడు.

"లోపల నల్లగా ఏదో ఉంది."

"ఏముంది?"

"గుబిలి. బాగా ముదిరిన గుబిలి."

"గుబిలి నడుస్తుందా అండీ?"

"నీకలా అనిపిస్తుంది" అని గోరువెచ్చని నూనె నాలుగు చుక్కలు వేశాడు. అంతే, లోపలున్నదానికి పూనకం వచ్చింది. ఆమె మంచం పట్టె పట్టుకుని గిలగిల్లాడింది. ఆయన బెదిరిపోయి, గడియారాల్లో స్ప్రింగులు తీసే చిమటా తెచ్చి, "ఇలా కదలకుండా కూర్చో, లాగేస్తాను" అన్నాడు. చిమటా చూడగానే ఆమె వీధిలోకి పారిపోయింది. లేకపోతే ఈ కథ అక్కడే ఇంకో రకంగా ముగిసేది.

డిస్పెన్సరీలో కాంపౌండరు బ్యాటరీ లైటు వేసి, "గుబిలే" అని చుక్కల మందు ఇచ్చాడు. చుక్కలతో తగ్గలేదని వెళితే డాక్టరుకు చూపించుకోమన్నాడు. డాక్టరు చెవిలోకి చూడకముందే ఆమె వయసు అడిగాడు. నలభై తొమ్మిది అని వినగానే ఆయనకు రోగం తెలిసిపోయింది.

"ఈ వయసులో ఆడవాళ్ళకు ఇలాంటి చప్పుళ్ళు మామూలేనమ్మా. టెన్షన్లు తగ్గించుకోండి."

"టెన్షను వల్ల చప్పుడు కాదండీ, చప్పుడు వల్ల టెన్షను."

"అదే, అదే" అని నిద్రమాత్రలు రాశాడు. ఆ మాత్రలకు ఆమెకు నిద్ర పట్టలేదు. చెవిలోది మాత్రం హాయిగా ఉన్నట్టుంది, మరింత కుదురుగా గోకడం మొదలుపెట్టింది.

ఇన్నాళ్ళలో ఆమె నెత్తీ నోరూ బాదుకుని చెప్పని మనిషి లేడు. అందరూ చెవిలోకి చూసినవాళ్ళే, ఆమె చెప్పేది విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఊరంతటికీ నీళ్ళ చప్పుడు విని పెట్టిన మనిషి మాట వినడానికి ఊళ్ళో ఒక్క చెవి దొరకలేదంటే ఎవరికి మాత్రం కడుపు రగలదు?

అలాగని ఆమె వైపు అంతా సవ్యంగా ఉందనీ అనలేం. రెండో గుంట తవ్విన రోజు సంగతి ఒకటి ఉంది. అది ఆమె భర్తకు కూడా చెప్పలేదు. ఆ రోజు గుర్తు పెట్టేముందు బాబాయి సందేహిస్తూ, సందేహిస్తూనే, "అమ్మాయ్, కుడి చెవి బాగా లేకపోతే ఎడమ చెవి పెట్టి చూడరాదూ?" అన్నాడు.

ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె తండ్రి కుడి చెవితోనే విన్నాడు. ఆమెకు పని నేర్పేటప్పుడు ఎడమ చెవిలో దూది కుక్కి, కుడి చెవితోనే వినిపించాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె కుడి చెవి ఆఫీసుది, ఎడమ చెవి ఇంటిది. మొగుడి మాటలూ, పక్కింటావిడ ముచ్చట్లూ, టీవీ గోలా అన్నీ ఎడమ చెవి ఖాతాలోవే. అలాంటి చెవిని తెచ్చి తండ్రి కడ్డీకి పెట్టమంటాడా?

"పలుగు పట్టేవాడివి పలుగు పట్టు బాబాయ్. చెవి సంగతి నాకు తెలుసు" అంది.

ఆయన పలుగు అందుకుని తవ్వడం మొదలుపెట్టాడు. రెండోది ఖాళీగా తేలింది, మూడోదీ ఖాళీగా తేలింది. ఆ ఎడమ చెవి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంజనీరు స్కూటరు వీధి మలుపు తిరిగాక, బిందెలవాళ్ళు సణుక్కుంటూ దూరంగా జరిగాక, చెవులక్క మూడో గుంట గట్టు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి ఏడుపు నీళ్ళు కావు, ఉక్రోషం నీళ్ళు. బాబాయి మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ గుంటలోంచి పైకి వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఏం చేస్తోంది?" అన్నాడు.

"ఎవరు?"

"అదే, చెవిలోది."

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. అడగడానికి అందరికంటే తక్కువ కారణం ఉన్న మనిషీ ఆయనే.

"మొదట్లో నడిచేది. ఆగేది, మళ్ళీ నడిచేది. నూనె పోస్తే పిచ్చెక్కినట్టు గీరింది. రెండు రోజుల నుంచి నడవడం లేదు బాబాయ్. ఒకే చోట పాతుకుపోయి గోకుతోంది. అక్కడే నొప్పి కూడా."

బాబాయి "ఆ కడ్డీ ఇలా ఇవ్వు" అన్నాడు.

"నీకెందుకు?"

"ఇవ్వమంటున్నానుగా."

ఆ కడ్డీని ఇంతవరకూ ఆయన ముట్టుకోలేదు. మోసింది లేదు, గోడకు ఆన్చింది లేదు. ఆమె ఇచ్చింది. ఆయన కడ్డీ మొద్దుమొనను పంచె చెంగుతో తుడిచి, ఆమె కుడి చెవి వెనక ఎముక మీద మెల్లిగా ఆనించాడు. రెండో కొసన ఉన్న బిళ్ళకు తన చెవి పెట్టాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ముసలాయన ఒక మనిషి తలకు కడ్డీ పెట్టి లీకు వింటున్నాడు మరి, ఎవరు ఆగరు?

"ఊపిరి బిగపట్టు" అన్నాడు.

ఒక లారీ వెళ్ళింది. అది దూరమయ్యేదాకా చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ విన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపటికి ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ఉంది."

"ఏముంది బాబాయ్?"

"నీళ్ళయితే కాదు. కాళ్ళున్నదేదో ఉంది."

చెవులక్కకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రోడ్డు మధ్యలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. బాబాయి ఆమె సంచిలోంచి సుద్దముక్క తీసి, చెవి వెనక, తనకు బాగా వినిపించిన చోట, చిన్న ఇంటూ గుర్తు గీశాడు.

"ఎక్కడ తవ్వాలో గుర్తు పెట్టాను. ఇక తవ్వే మనిషి కావాలి. పద" అన్నాడు.

పెద్దాసుపత్రిలో చీటీ రాసే గుమాస్తా తలెత్తకుండా "ఏమిటి బాధ?" అన్నాడు. చెవిలో ఏదో ఉందని ఆమె చెబితే "చెవి నొప్పి" అని రాసుకున్నాడు. నొప్పి కాదు, లోపల ఒక ప్రాణి ఉందని బాబాయి అందుకున్నాడు. గుమాస్తా ఇప్పుడు తలెత్తి ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ప్రాణి అని రాస్తే మిమ్మల్ని వేరే వార్డుకు పంపుతారు. నొప్పి అనే ఉండనివ్వండి" అని చీటీ చేతిలో పెట్టాడు. రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ రెండు గంటలూ చెవిలోది గోకుతూనే ఉంది.

చెవుల డాక్టరమ్మ బక్కపలచటి మనిషి. ముందు ఆమెకు కనిపించింది సుద్ద గుర్తు.

"ఇదేమిటి?"

"లీకున్న చోటండి. నేనే విని గుర్తు పెట్టాను" అన్నాడు బాబాయి.

డాక్టరమ్మ నవ్వలేదు. వాళ్ళిద్దరి చేత మొదటి నుంచీ చెప్పించుకుంది. పశువుల శాల అన్న మాట దగ్గర "ఊఁ" అంది. చెవులక్కను పడుకోబెట్టి, స్టాండుకు వేలాడుతున్న మైక్రోస్కోపును చెవి మీదకు లాగింది. లోపలికి చూస్తూ, "ఇదిగో, ఇల్లు కట్టుకుని కూర్చుంది" అంది.

"ఏమిటండీ?"

"పిడుదు. పశువులకు పట్టే పిడుదు. కర్ణభేరి పక్కన చర్మాన్ని కరుచుకుని ఉంది. నూనె పోశారా?"

"మా ఆయన పోశారండీ."

"అందుకే ఇంకా లోపలికి పోయింది. ఇలాంటివాటికి ఇంట్లో నూనెలూ, పుల్లలూ, చిమటాలూ పెట్టకూడదు. కరుచుకున్న పిడుదును గుంజితే తల లోపలే ఉండిపోతుంది."

మత్తు చుక్కలు వేసి, సన్నటి పట్టకారు దింపింది. చెవులక్క బల్ల అంచులు పట్టుకుంది. లోపల ఏదో తెగినట్టు చిన్న మంట. అంతే. చిటపట ఆగిపోయింది. ఎనిమిది రోజులుగా తలలో మోగుతున్న గోల దీపం ఆర్పినట్టు ఆగిపోయింది.

డాక్టరమ్మ దాన్ని చిన్న గాజు సీసాలో వేసి చూపించింది. మిరియపు గింజంత ఉంది. నెత్తురు తాగి బూడిదరంగుకు తిరిగింది. ఎనిమిది కాళ్ళూ ఇంకా ఆడుతున్నాయి. ఇంత ముష్టి పురుగు తన ఇరవై ఆరేళ్ళ పేరును మూడు గుంటల్లో పాతిపెట్టిందని తలుచుకుంటే చెవులక్కకు దాన్ని సీసాతో సహా నేలకేసి కొట్టాలనిపించింది. కబురందుకుని పరుగెత్తుకొచ్చిన భర్త సీసాను వెలుగుకు పట్టి చూసి, బిక్కమొహం వేశాడు. "నేను చూసింది దీన్నేనే! గుబిలి అనుకున్నాను!"

"గడియారంలో పడితే గుర్తుపట్టేవారు లెండి" అంది ఆమె.

డాక్టరమ్మ చెవిలో మందు రాసిన గుడ్డపీలిక దోపి, పైన దూది పెట్టి కట్టింది. "పది రోజులు తడి తగలకూడదు. చెవికి ఏదీ ఆనించకూడదు. కర్ణభేరి పొర మీద చిన్న గాయం ఉంది, మానుతుంది. వినికిడి ముందులా వస్తుందో లేదో నెల తర్వాత చూద్దాం. మధ్యలో జ్వరం వచ్చినా, ఒంటి మీద మచ్చలు లేచినా వెంటనే రండి."

పది రోజులు. మిషనుకేమో రెండు రోజులు. చెవులక్క ఆసుపత్రి మెట్ల మీద నిలబడి గట్టిగా నిట్టూర్చింది. దొంగ దొరికాడు, పోయిన సొమ్ము మాత్రం దొరకలేదు.

శుక్రవారం తెల్లవారగానే, భర్త వద్దంటున్నా, కడ్డీ భుజాన వేసుకుని పోస్టాఫీసు వెనక వీధికి వెళ్ళింది. బాబాయి అప్పటికే వచ్చి, మొదటి గుంట పక్కన పోసిన మట్టికుప్ప మీద కూర్చుని ఉన్నాడు. ఎనిమిది రోజులుగా ఆయన అలుపు తీర్చుకునే సింహాసనం అదే.

ఆమె అలవాటు చొప్పున బిళ్ళను కుడి చెవి దగ్గరకు తీసుకుపోయింది. దూది తగిలింది. ఆగింది. కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. బాబాయి నేలచూపులు చూస్తున్నాడు.

"బాబాయ్."

"ఊఁ."

"రెండో గుంటప్పుడే చెప్పావు. ఎడమ చెవి పెట్టమని."

"చెప్పానులే."

"నేనేమన్నాను?"

"అదంతా ఇప్పుడెందుకు?"

"పలుగు పట్టేవాడివి పలుగు పట్టమన్నాను. ఆ మాట అనకూడదు. నీ నడుము విరిగేలా రెండు గుంటలు తవ్వించాను. నా మాట ఎవరూ వినడం లేదని ఊరంతటినీ తిట్టిపోశాను. నీ మాట నేనే పెడచెవిన పెట్టాను." చెబుతుంటే ఆమెకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే పూర్తిగా చెప్పింది.

ఆయన చెయ్యి ఊపాడు. "సరేలే. ముందు విను. ఎండెక్కితే బస్సులు మొదలవుతాయి."

ఆమె ఎడమ చెవి బిళ్ళకు ఆనించింది. మొదట ఏమీ తెలియలేదు. పరాయి వాళ్ళింట్లో చీకట్లో తడుముకుంటున్నట్టుంది. తన ఊపిరి వినబడింది, తన గుండె వినబడింది. విసుగొచ్చి తల తీసేయబోయింది. ఆ సందులో సన్నగా, ఎక్కడో దూరంగా, తెంపు లేకుండా, స్స్.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. మూడో గుంట దగ్గర విన్నది, చాలా పలచగా ఉంది. రెండో గుంటకు వచ్చింది, కాస్త పెరిగింది. మొదటి గుంటకు వచ్చింది, ఇంకా పెరిగింది. గుంట దాటి రెండడుగులు వేసి కడ్డీ ఆనించబోతే అక్కడ మట్టికుప్ప, దాని మీద బాబాయి.

"లే బాబాయ్."

"ఏం?"

"లేవమంటున్నాగా!"

ఆయన లేచాడు. ఆమె కడ్డీని కుప్పలోంచి కిందకు, రోడ్డు తగిలేదాకా గుచ్చి, ఎడమ చెవి పెట్టింది. చెవి నిండిపోయేంత గట్టిగా స్స్ వినిపించింది.

"ఇక్కడే" అంది. "నువ్వు కూర్చున్న చోటే."

"ఎనిమిది రోజులుగా లీకు మీదా నేను కూర్చుంది!" అని బాబాయి నోరు తెరిచాడు. మొదటి గుంటలోంచి తీసిన మట్టిని తామే తెచ్చి సరిగ్గా దాని నెత్తిన పోశారు. కుప్ప అడుగున చెమ్మ ఉన్నా, తవ్విన మట్టి కదా, ఉంటుందిలే అనుకున్నారు. వాలు గుంటకు అవతలివైపు కావడంతో నీరు గుంటలోకి రాకుండా, నేలకిందనే మురుగుకాలువ దారి పట్టింది.

పార పట్టి కుప్పను పక్కకు లాగారు. చెవులక్క సుద్దముక్క తీసింది. గీయబోతూ ఒక్క క్షణం ఆగింది. ఇదీ ఖాళీ అయితే? మూడు గుంటలు వెనక నుంచి చూస్తున్నాయి.

"గీయవమ్మా" అన్నాడు బాబాయి, అరచేతుల్లో ఉమ్మేసుకుని పలుగు అందుకుంటూ. నిజమేనా అని అడగలేదు. ఆమె గీసింది.

నడుములోతుకే మట్టి జారడం మొదలైంది. ఇంకో పది దెబ్బలకు బురద. ఆ తర్వాత చల్లటి నీళ్ళు ఒక్క ఉదుటున లేచి బాబాయి మొహాన కొట్టాయి. బిందెలవాళ్ళు కేకలు పెట్టారు. నిధి కోసమా అని ఎగతాళి చేసిన ఆవిడ అందరికంటే ముందు బకెట్టుతో పరుగెత్తుకొచ్చింది. బాబాయి గుంటలో నిలబడి, బట్టలన్నీ తడిసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

ఇంజనీరు వచ్చేసరికి పగులుకు పట్టీ బిగిస్తున్నారు. చెవులక్క సీసా తీసి చూపించింది. అతను అదిరిపడి, తన చెవిని తానే ఒకసారి తడుముకున్నాడు.

"ఇదా అమ్మా! క్షమించండి, నేనేదో అనుకున్నాను. ఆ మిషను రేపు బయటికి తెస్తాను గానీ, స్టోర్లో కుర్చీ మాట వదిలేయండి. దాన్ని రెండు చెవులకీ తగిలించుకోవాలట. ఎలా వినాలో తెలిసిన మనిషి కావాలి." జేబులోంచి ఫారం తీశాడు. "ఇందులో ఖాళీ గుంటలకు కారణం రాయాలి. కారణాలు మూడే ఇచ్చారు. పటం తప్పు, మట్టి గుణం, ఉద్యోగి పొరపాటు. పటం తప్పు అని రాసేస్తాను. మీ పేరు మీదకు రాదు."

ఇన్నాళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది. చేతిలో పిడుదు ఉంది, అందరూ నమ్మారు. ఇక తప్పంతా దాని నెత్తిన పెట్టి ఊరుకోవచ్చు. ఆమె గుంటలోకి చూసింది. బాబాయి నడుము పట్టుకుని బోల్టు బిగిస్తున్నాడు.

"మొదటి గుంట పిడుదుది సార్. మిగతా రెండూ నావి. ఉద్యోగి పొరపాటు అనే రాయండి" అంది. "పక్కనున్న మనిషి సరైన దారి చెబితే వినలేదని కూడా రాయండి."

"అంత రాయడానికి ఇందులో చోటు లేదమ్మా" అన్నాడు ఇంజనీరు నీళ్ళు నములుతూ.

"అయితే ముందు చెప్పింది రాయండి చాలు."

పట్టీ బిగించడం అయిపోయింది. ఇప్పుడు లీకు పూర్తిగా ఆగిందో లేదో విని, అదే ఫారంలో సంతకం పెట్టాలి. వినేది ఎప్పుడూ ఆమే. చెవులక్క కడ్డీని బాబాయి చేతికి ఇచ్చింది. ఆయన బురద చేతులు పంచెకు తుడుచుకుని, ఆమె మొహంలోకి ఒకసారి చూసి, బిళ్ళకు చెవి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఆగింది" అన్నాడు.

చెవులక్క నిజమేనా అని అడగలేదు. ఫారం అందుకుని, ఆయన మాట మీద సంతకం పెట్టేసింది.